మరణానంతర జీవితం: సాక్ష్యం, పరీక్ష, రుజువు

శరీరం చనిపోయాక కూడా మనిషిలోని చైతన్యమో, జ్ఞాపకమో, వ్యక్తిత్వమో ఏదో ఒక రూపంలో కొనసాగుతుందన్న భావనకు మరణానంతర జీవితం అని పేరు. ఆత్మ మరో శరీరంలో పుట్టడం (పునర్జన్మ), దేహం లేకుండా వేరే లోకంలో ఉండడం (స్వర్గం, నరకం, పితృలోకం), లోకాంతాన దేహంతోనే తిరిగి లేవడం (పునరుత్థానం) దీనిలోని ప్రధాన రూపాలు. ఆ నమ్మకాల పూర్తి చరిత్ర ఈ వ్యాసంలో లేదు. వాటికి ఆధారంగా ఇంతవరకు ఏం చూపారు, ఎవరు ఎలా పరీక్షించారు, ఏం తేలింది అన్నదే ఇక్కడి విషయం.

ఆధారం అనే మాట

ఈ వాదాల్లో సాక్ష్యం, ఆధారం, రుజువు అన్న మూడు మాటలు తరచు కలిసిపోతాయి. చూశాననీ విన్నాననీ ఒకరు చెప్పేది సాక్ష్యం. దాన్ని ఇంకొకరు సరిచూశాక కూడా నిలబడి, ఒక వివరణను మరో వివరణకంటే బలపరిస్తే అది ఆధారం. తక్కిన వివరణలన్నీ తొలగిపోయేలా చేసేది రుజువు. మరణానంతర జీవితం గురించి సాక్ష్యం అపారంగా ఉంది. వివాదమంతా తర్వాతి రెండు మెట్ల దగ్గరే.

పరిశోధకుల ముందు మూడు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది మోసం, దానికంటే ఎక్కువగా మనిషి జ్ఞాపకం తనకు తెలియకుండానే చేసే సర్దుబాటు. రెండోది, తిరిగొచ్చి చెప్పినవారు నిజంగా చనిపోయారా అన్న ప్రశ్న. మూడోది పరామనోవిజ్ఞానంలోనే (అతీత శక్తుల పరిశోధనలోనే) పుట్టిన చిక్కు: పోయినవారికి మాత్రమే తెలిసిన సంగతిని ఒక మీడియం, అంటే పోయినవారి మాటలు పలుకుతానని చెప్పే మనిషి, చెప్పిందనుకుందాం, పోయినవారు వచ్చి చెప్పారనడానికి బదులు, బతికున్నవారి మనసులోంచి ఆమె దాన్ని గ్రహించిందని కూడా అనవచ్చు. అతీంద్రియ గ్రహణాన్ని ఒప్పుకున్నవారికే ఈ చిక్కు. ఒప్పుకోనివారు మొదటి అడ్డంకి దగ్గరే ఆగిపోతారు.

ప్రాచీన భావనలు

చనిపోయినవారికి అవసరాలు ఉంటాయన్న నమ్మకానికి గుర్తులు రాతకంటే పాతవి. జనం రాకాసి గుళ్లు అని పిలిచే ఇనుపయుగపు బృహచ్ఛిలా సమాధులు తెలంగాణలో జానంపేట, దొంగతోగు వంటి చోట్ల గుంపులుగా ఉన్నాయి. ఈ కోవకు చెందిన దక్షిణ భారత సమాధుల్లో ఎముకల పక్కన కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. అవి నమ్మకం ఉండేదని చెబుతాయి గాని, ఆ నమ్మకం నిజమో కాదో చెప్పవు. పురావస్తు సాక్ష్యం పరిధి అంతే.

వేదకాలపు పితృలోక భావన పక్కన ఉపనిషత్తుల్లో పునర్జన్మ భావన స్పష్టమైన రూపం తీసుకుంది. కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణి అడిగే మూడో వరం ఈ ప్రశ్నే. చచ్చినవాడు ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, ఏది నిజమని అతను అడుగుతాడు. దేవతలకు కూడా ఇందులో సందేహం ఉండేదని యముడు ముందుగా ఒప్పుకుంటాడు. ఆస్తిక గ్రంథమే ఈ సందేహాన్ని ఇంత గౌరవంగా నమోదు చేయడం గమనించదగింది.

తెలుగు ఇళ్లలో కర్మకాండలో ఈనాటికీ ఒక చిన్న పరీక్ష జరుగుతుంది. పిండాన్ని కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి తీరని కోరిక ఏదో ఉందని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఎవరో ఒకరు ముందుకొచ్చి, పిల్లల బాధ్యత మాదనో, అప్పు తీరుస్తామనో మాట ఇస్తారు. ఆ మాట తర్వాత కాకి వాలితే దాన్ని జవాబుగా తీసుకుంటారు. వేమన పేరున ప్రచారంలో ఉన్న పద్యాల్లో ఈ ఆచారంపై ఘాటైన విమర్శ ఉంది. చూ. శ్రాద్ధం, వేమన.

పాయాసి పరీక్షలు

మరణానంతర జీవితాన్ని ప్రయోగంతో తేల్చాలన్న ప్రయత్నపు అతి పాత వర్ణనల్లో ఒకటి పాలి బౌద్ధ సాహిత్యంలో, దీఘనికాయంలోని పాయాసి సుత్తంలో ఉంది. కోసల దేశంలోని సేతవ్య నగరాన్ని ఏలిన పాయాసి పరలోకం లేదని వాదిస్తాడు. అతని వాదం తర్కం మీద కాక, తాను చేసి చూసిన పనుల మీద నిలుస్తుంది. చావు బతుకుల్లో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్లి, నరకమో స్వర్గమో ఉంటే వచ్చి చెప్పమని మాట తీసుకున్నాడు. ఒక్కరూ రాలేదు. మరణశిక్ష పడిన దొంగను పెద్ద బానలో పెట్టి, మూతికి తోలు బిగించి, మన్ను మెత్తి, పొయ్యి మీద పెట్టించాడు. చచ్చాక మూత మెల్లగా తీసి ప్రాణం బయటికి వస్తుందేమోనని చూశాడు. ఏమీ కనబడలేదు. మరొకణ్ణి బతికుండగా తూచి, గొంతు బిగించి చంపాక మళ్లీ తూచాడు. బరువు తగ్గలేదు సరికదా పెరిగిందన్నాడు.

కుమార కస్సపుడనే భిక్షువు ఒక్కో ప్రయోగానికీ ఉపమానంతో బదులిస్తాడు. పెంటగుంటలోంచి పైకి తీసి స్నానం చేయించి మేడ ఎక్కించినవాడు మళ్లీ ఆ గుంటలోకి దిగుతాడా? మనుషుల నూరేళ్లు త్రయస్త్రింశ దేవతలకు ఒక్క పగలూ రాత్రి. వచ్చి చెబుదామని వాళ్లు అనుకునేలోపే ఇక్కడివాళ్లు ఉండరు. కాలిన ఇనుప గుండు చల్లని గుండుకంటే తేలికగా ఉంటుందన్నది తూకానికి జవాబు. సుత్తం చివర్లో పాయాసి ఒప్పుకుంటాడు. కథ బౌద్ధుల పక్షాన ముగిసినా, ఓడినవాడి ప్రయోగాలను అంత వివరంగా భద్రపరచడం విశేషం. జైనుల రాయపసేణియ సూత్రంలో కూడా ఇదే మాదిరి సంవాదం ఉంది. తిరిగొచ్చి చెప్పమని మాట తీసుకోవడం, బరువు తూచడం అనే ఈ రెండు పద్ధతులూ రెండు వేల ఏళ్ల తర్వాత ఐరోపా, అమెరికాల్లో మళ్లీ తలెత్తాయి.

దర్శనాల్లో వాదం

చార్వాకులు ప్రత్యక్షాన్ని మాత్రమే ప్రమాణంగా ఒప్పుకున్నారు. పిండి పులిస్తే మత్తు పుట్టినట్టు నాలుగు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందనీ, దేహంతోనే పోతుందనీ వారి మతం. విజయనగర కాలానికి చెందిన మాధవాచార్యుల సర్వదర్శన సంగ్రహం దాన్ని మొదటి అధ్యాయంగా ఉంచి ఖండించింది.

నైయాయికులు అనుమాన ప్రమాణంతో పునర్జన్మను నిలబెట్టారు. అప్పుడే పుట్టిన బిడ్డ ఎవరూ నేర్పకుండానే పాలకు వెతుక్కుంటుంది, భయపడుతుంది, నవ్వుతుంది. అలవాటు లేనిదే ఇవి రావు, ఈ జన్మలో అలవాటు లేదు, కనుక పూర్వజన్మ ఉందని న్యాయసూత్రాల వాదం. తామర ఎవరూ నేర్పకుండా విచ్చుకోవడం లేదా, ఇనుము అయస్కాంతం వైపు కదలడం లేదా అన్న ఎదురు ప్రశ్నలనూ ఆ సూత్రాలే ఎత్తి చర్చించాయి. సహజాతాలు జీవపరిణామంలో వంశపారంపర్యంగా వస్తాయన్న ఆధునిక జీవశాస్త్రం తామర పక్షాన ఉంది. బౌద్ధులు శాశ్వతమైన ఆత్మను ఒప్పుకోకుండానే జన్మల పరంపరను ఒప్పుకున్నారు. ‘ఏది కొనసాగుతుంది’ అన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదనడానికి ఇది నిదర్శనం. చూ. చార్వాక దర్శనం, న్యాయ దర్శనం, అనాత్మవాదం.

మరణం ఎప్పుడు?

గుండె ఆగిన సుమారు 10 సెకన్లలో స్పృహ పోతుంది. 10 నుంచి 20 సెకన్లలో ఈఈజీలో మెదడు పైపొర విద్యుత్ చర్య దాదాపు సమతల గీతగా మారుతుంది. అయినా కణాలు వెంటనే చావవు. ఛాతీ మీద నొక్కి రక్తప్రసరణ నిలిపే పద్ధతి 1960లో వైద్యంలోకి వచ్చాక, అంతకుముందు మరణం అనిపించుకున్న స్థితి నుంచి మనుషులు వెనక్కి రావడం మొదలైంది. 2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, చంపి నాలుగు గంటలైన పందుల మెదళ్లలో కొన్ని కణ క్రియలను తిరిగి నడిపించగలిగారు. స్పృహకు సంబంధించిన సంకేతమేదీ కనబడలేదు.

భారతదేశంలో 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం మరణాన్ని మరణంగా గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల వ్యవధిలో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద జరిగే అవయవదానాలకు ఇదే పునాది. మరణం ఒక క్షణం కాదు, అంచెలంచెలుగా జరిగే క్రమం. దీన్ని గుర్తుంచుకోకపోతే ‘చచ్చి బతికినవారి’ కథనాలను సరిగా తూచలేం.

ఆత్మలతో సంభాషణ: ఉద్యమం, పరిశోధన

1848 మార్చి 31న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో ఫాక్స్ అక్కచెల్లెళ్ల ఇంట్లో వినిపించిన టకటక శబ్దాలతో ఆధునిక ఆత్మవాదం మొదలైందని చెబుతారు. కొన్నేళ్లలోనే అట్లాంటిక్ రెండు తీరాలా మీడియంల చుట్టూ చీకటి గదుల సమావేశాలు వెలిశాయి. బల్లలు వాటంతట అవే తిరగడం గురించి 1853లో మైకేల్ ఫారడే చక్కని పరీక్ష చేశాడు. చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టలు పెట్టి, బల్ల చేతిని లాగడం లేదనీ, చేతులే తెలియకుండా బల్లను నెడుతున్నాయనీ చూపాడు. 1888లో మార్గరెట్ ఫాక్స్, ఆ శబ్దాలు తాము కాలి కీళ్లతో చేసినవేనని న్యూయార్క్‌లో సభాముఖంగా ఒప్పుకుని చేసి చూపింది. మరుసటి ఏడు ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకుంది.

1882లో లండన్‌లో మానసిక పరిశోధనా సంఘం ఏర్పడింది. తత్త్వవేత్త హెన్రీ సిజ్విక్ మొదటి అధ్యక్షుడు. 1894లో వెలువడిన భ్రాంతుల గణన ఈ సంఘపు పెద్ద కృషి. 17,000 మందిని ప్రశ్నించగా, మెలకువగా ఉండగా లేని మనిషినో గొంతునో అనుభవించామని దాదాపు పదింట ఒకరు చెప్పారు. కనబడిన మనిషి ఆ పన్నెండు గంటల్లోపు చనిపోవడం 43లో ఒకసారి జరిగిందనీ, యాదృచ్ఛికంగా అయితే అది 19,000లో ఒకసారే జరగాలనీ నివేదిక లెక్కకట్టింది. ఎన్నో ఏళ్ల కిందటి జ్ఞాపకాల మీద, చావుతో కలిసొచ్చినవే బాగా గుర్తుండే స్వభావం మీద ఈ లెక్క ఆధారపడిందన్నది దానిపై ప్రధాన విమర్శ.

బోస్టన్ మీడియం లియొనోరా పైపర్‌ను మనోవిజ్ఞానవేత్త విలియం జేమ్స్, పరిశోధకుడు రిచర్డ్ హాడ్జ్‌సన్ ఏళ్ల తరబడి పరీక్షించారు. కాకులన్నీ నల్లనివన్న సూత్రం తప్పని చూపడానికి ఒక్క తెల్లకాకి చాలుననీ, తన తెల్లకాకి పైపర్ అనీ జేమ్స్ అన్నాడు. అయితే హాడ్జ్‌సన్ 1905లో చనిపోయాక పైపర్ ద్వారా ‘హాడ్జ్‌సన్’ పలికిన మాటలను పరిశీలించిన అదే జేమ్స్, అవి నిజంగా అతనివేనని తేల్చలేకపోయాడు. 2005లో బ్రిటన్‌లో కియరన్ ఓకీఫ్, రిచర్డ్ వైజ్‌మన్ ఐదుగురు వృత్తి మీడియంలను, ఐదుగురు శ్రోతలను ఒకరికొకరు కనబడకుండా ఉంచి పరీక్షించారు. శ్రోతలు తమ గురించి చెప్పినదేదో గుర్తుపట్టలేకపోయారు.

తూకం, న్యాయస్థానం

అమెరికాలో హేవర్‌హిల్‌కు చెందిన వైద్యుడు డంకన్ మెక్‌డూగల్ 1907లో ప్రచురించిన ప్రయోగం పాయాసి తూకానికి ఆధునిక రూపం. మరణానికి దగ్గరైన ఆరుగురు రోగులను మంచంతో సహా కాటా మీద ఉంచాడు. మొదటి రోగి చనిపోయిన క్షణాన ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాములు తగ్గిందన్నాడు. ఆ సంఖ్యే నేటికీ చలామణీలో ఉంది. తక్కినవారి కొలతలు దానితో సరిపోలలేదనీ, రెండింటిని ఆయనే పక్కన పెట్టాడనీ తెలిసినవారు తక్కువ. పదిహేను కుక్కలను తూచినా తగ్గుదల లేదు. ఊపిరి ఆగాక ఒంటి వేడి పెరిగి చెమట పట్టడం వల్ల బరువు తగ్గి ఉండవచ్చనీ, కుక్కలకు అలా చెమట పట్టదనీ ఆ రోజుల్లోనే మరో వైద్యుడు ఆగస్టస్ క్లార్క్ ఎత్తి చూపాడు.

అరిజోనాలో గని పనివాడు జేమ్స్ కిడ్ 1949లో కనబడకుండా పోయాడు. తన సొమ్మంతా ఆత్మ శరీరాన్ని విడిచిపోతుందన్న దానికి శాస్త్రీయ రుజువు వెతికే పరిశోధనకు చెందాలని 1946లో చేత్తో వీలునామా రాసి పెట్టాడు. 1967లో ఫీనిక్స్‌లో విచారణ జరిగితే వందమందికి పైగా హక్కుదారులు వచ్చారు. న్యాయమూర్తి మొదట బారో నాడీవిజ్ఞాన సంస్థకు ఇచ్చిన సొమ్ము, పై న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చడంతో చివరకు అమెరికా మానసిక పరిశోధనా సంఘం వైపు మళ్లింది.

మరణ సమీప అనుభవాలు

నేడు అందరికంటే ఎక్కువగా ముందుకు వచ్చే ఆధారం ఇదే. ఆల్ప్స్ కొండల్లో జారిపడి బతికినవారి అనుభవాలను స్విస్ భూగర్భవేత్త ఆల్బర్ట్ హైమ్ 1892లో సేకరించాడు. 1975లో రేమండ్ మూడీ రాసిన ‘లైఫ్ ఆఫ్టర్ లైఫ్’ ఈ అనుభవాలకు పేరు పెట్టి లోకమంతా చాటింది. దేహం నుంచి విడివడి పైనుంచి చూడడం, చీకటి సొరంగం, వెలుగు, పోయిన బంధువులు, గడిచిన జీవితం కళ్లముందు తిరగడం, ఒక హద్దు, తిరిగి రావడం ఇందులోని సామాన్య అంశాలు. 1983లో బ్రూస్ గ్రేసన్ 16 ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశాడు. 32కు 7 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే దాన్ని మరణ సమీప అనుభవంగా లెక్కిస్తారు.

నెదర్లాండ్స్ హృద్రోగ వైద్యుడు పిమ్ వాన్ లోమెల్ బృందం 2001లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఒక మలుపు. పది ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందిలో 62 మంది, అంటే 18 శాతం, ఏదో ఒక అనుభవాన్ని చెప్పారు. గుండె ఎంతసేపు ఆగింది, ఏ మందులు వాడారు అన్నవాటితో అనుభవానికి సంబంధం కనబడలేదు. ఆక్సిజన్ కొరత ఒక్కటే కారణమైతే అందరికీ ఎందుకు రాలేదని వాన్ లోమెల్ ప్రశ్న. గుండె ఆగిన ఆ కొద్ది నిమిషాల్లోనే అనుభవం కలిగిందా, లేక స్పృహ తప్పేటప్పుడో తిరిగి వచ్చేటప్పుడో కలిగిందా అన్నది విమర్శకుల ఎదురు ప్రశ్న.

దాన్ని తేల్చడానికే సామ్ పార్నియా నాయకత్వంలో అవేర్ అధ్యయనం జరిగింది. ఆసుపత్రి గదుల్లో పైకప్పుకు దగ్గరగా అరలు బిగించి, పైనుంచి మాత్రమే కనబడేలా బొమ్మలు ఉంచారు. దేహం వదిలి పైకి తేలామన్నవారు ఆ బొమ్మ చెప్పగలిగితే చాలు. 2014లో ఫలితాలు వచ్చాయి. 15 ఆసుపత్రుల్లో 2,060 గుండె స్తంభన ఘటనలు. బతికింది 330 మంది. 140 మందితో మాట్లాడగలిగారు. తన చుట్టూ జరిగినవాటిని ఒకరు సరిగా వర్ణించగా, ఒక యంత్రపు శబ్దాన్ని బట్టి ఆ సమయాన్ని లెక్కించగలిగారు. కాని అరలున్న గదుల్లో జరిగిన ఘటనలు 22 శాతమే. ఈ వ్యక్తి అలాంటి గదిలో లేడు. బొమ్మ చూసినవారు ఎవరూ లేరు. 2023లో వెలువడిన రెండో అధ్యయనంలో 567 మందిలో 53 మంది బతికారు. 28 మందిని ప్రశ్నించగా 11 మంది ఏదో ఒక జ్ఞాపకం చెప్పారు. ఈసారి తెర మీద చూపిన బొమ్మను కూడా ఎవరూ గుర్తించలేదు. అయితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి గంట దగ్గరపడుతున్నా కొందరిలో స్పృహకు దగ్గరి మెదడు తరంగాలు కనిపించాయి. అంటే మెదడు పూర్తిగా మూగబోయిందన్న ఊహే కొన్నిసార్లు తప్పు కావచ్చు.

పదే పదే ఉదహరించే ఒక్క కేసు అమెరికా గాయని పామ్ రేనాల్డ్స్‌ది. 1991లో, కిడ్ వీలునామా కేసులో పైన పేర్కొన్న బారో సంస్థలోనే, శస్త్రవైద్యుడు రాబర్ట్ స్పెట్జ్‌లర్ ఆమె ఒంటిని 16 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చల్లబరచి, రక్తప్రసరణ ఆపి మెదడులోని రక్తనాళపు వాపును సరిచేశారు. పుర్రె కోసే రంపాన్ని, సిబ్బంది మాటలను ఆమె తర్వాత వర్ణించింది. ఈ కేసును వినేవారికి తరచు చెప్పని విషయం ఒకటుంది. రంపం వాడినదీ ఆ మాటలు నడిచినదీ రక్తప్రసరణ ఆపడానికి ముందు, మత్తులో ఉన్న దశలో. మత్తులో పాక్షికంగా మెలకువ రావడం వైద్యానికి తెలియనిది కాదు. ఆమె చెవులకు పరికరాలు బిగించి ఉన్నందున వినడం అసాధ్యమని సమర్థకుల జవాబు.

భారతీయ అనుభవాల రూపం వేరు. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్‌సన్ 1986లో 16 భారతీయ కేసులను విశ్లేషించారు. వీటిలో సొరంగం లేదు, పైనుంచి తన దేహాన్ని చూసుకోవడం దాదాపు లేదు. యమదూతలు తీసుకెళ్లడం, పుస్తకం చేతబట్టినవాడు పద్దు చూడడం, అదే పేరున్న మరొకరిని తేవాల్సిందని తేలడం, వెనక్కి పంపేయడం ఉన్నాయి. తెలుగు పల్లెల్లో పెద్దలు చెప్పే చచ్చి బతికిన కథలకూ ఇదే చట్రం. అనుభవం నిజాయితీగలదే, దానికి తొడిగే రూపం మాత్రం పెరిగిన చోటు ఇస్తోంది. పరలోకం ఒకటే అయితే ఈ తేడా ఎందుకని ఒక పక్షం, ఒకే అనుభవాన్ని ఎవరి భాషలో వారు చెబుతున్నారని మరో పక్షం.

మెదడు నుంచి వివరణలు

2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే బృందం ఒక మూర్ఛరోగి మెదడులో కుడి కోణ వలయాన్ని విద్యుత్తుతో తాకినప్పుడు, ఆమె తాను పైకి తేలి తన దేహాన్ని చూస్తున్నట్టు చెప్పింది. కీటమైన్ మత్తు, డీఎంటీ అనే పదార్థం ఇలాంటి అనుభూతులనే కలిగిస్తాయి. యుద్ధవిమాన చోదకులు శిక్షణ యంత్రాల్లో వేగంగా తిరిగి స్పృహ తప్పేటప్పుడు చూపు సొరంగంలా కుంచించుకుపోతుంది. 2013లో మిషిగన్‌లో జీమో బోర్జిగిన్ బృందం తొమ్మిది ఎలుకల గుండె ఆపాక 30 సెకన్ల పాటు మెదడులో గామా తరంగాలు ఎగసిపడడాన్ని గుర్తించింది. 2023లో మరణిస్తున్న నలుగురు రోగుల్లో ఇద్దరిలో ఇలాంటిదే కనబడింది. వారు బతకలేదు కనుక ఏం అనుభవించారో తెలిసే దారి లేదు. ఒక అనుభవాన్ని మెదడులో పుట్టించగలగడం, ఆ అనుభవానికి బయటి కారణం లేదని తేల్చదు. కాని బయటి కారణం అక్కర్లేకుండానే అది రాగలదని చూపుతుంది.

పూర్వజన్మ జ్ఞాపకాలు

భారతదేశం నుంచి ప్రపంచానికి వెళ్లిన ప్రసిద్ధ కేసు శాంతిదేవిది. 1926లో ఢిల్లీలో పుట్టిన ఈమె, చిన్నతనంలోనే తన ఇల్లు మథురలో ఉందనీ, భర్త బట్టల వ్యాపారి కేదారనాథ్ చౌబే అనీ చెప్పసాగింది. కాన్పు తర్వాత 1925లో చనిపోయిన అతని భార్య లుగ్దీ జీవితంతో ఈ మాటలు పోలాయి. గాంధీజీ ఆసక్తి చూపారు. పదిహేనుమంది ప్రముఖుల సంఘం 1935 నవంబరులో ఆమెను మథురకు తీసుకెళ్లి, 1936లో అనుకూల నివేదిక ఇచ్చింది. బాల్‌చంద్ నాహటా హిందీలో రాసిన చిన్న పుస్తకంలో ఈ నిర్ణయాన్ని తోసిపుచ్చాడు. శాంతిదేవి 1987లో మరణించింది.

ఇలాంటి కథనాలను క్రమపద్ధతిలో సేకరించినవాడు వర్జీనియా విశ్వవిద్యాలయ మనోవైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ (1918–2007). 1961లో తొలిసారి భారతదేశం వచ్చాడు. 1966లో ప్రచురించిన ఇరవై కేసుల్లో ఏడు భారతదేశానివి, ఏడు అలాస్కాలోని ట్లింగిట్ జాతివారివి, మూడు సిలోన్‌వి, రెండు బ్రెజిల్‌వి, ఒకటి లెబనాన్‌ది. జిరాక్స్ ప్రక్రియను కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ ఇచ్చిన సొమ్ముతో ఈ పని సాగింది. కాలక్రమంలో ఆయనా సహచరులూ 2,500కు పైగా కేసులు పోగుచేశారు. పిల్లలు రెండు నుంచి ఐదేళ్ల మధ్య చెప్పడం మొదలుపెట్టి, బడి ఈడు వచ్చాక మరచిపోవడం, గుర్తుచేసుకున్న మరణం చాలావరకు హఠాత్తుగానో హింసతోనో జరిగినది కావడం వీటిలో తరచు కనబడే లక్షణాలు. పూర్వజన్మలో తగిలిన గాయాలకు సరిపోలే పుట్టుమచ్చల గురించి 1997లో రెండు పెద్ద సంపుటాలు వెలువరించాడు.

ఈ కృషిలో శ్రమను, నిజాయితీని విమర్శకులు కూడా చాలామంది ఒప్పుకుంటారు. వారి అభ్యంతరం పద్ధతి మీద. పరిశోధకుడు చేరేసరికి రెండు కుటుంబాలూ చాలా సందర్భాల్లో కలిసి మాట్లాడుకుని ఉంటాయి. పిల్లవాడు ముందు ఏమన్నాడు, కలిశాక ఏం తెలిసింది అన్నది విడదీయడం కష్టం. సరిచూడకముందే రాతలో పెట్టిన కేసులు బహు తక్కువ. దుబాసీల మీద ఆధారపడడం మరో లోపం. తత్త్వవేత్త పాల్ ఎడ్వర్డ్స్ 1996లో ఈ అభ్యంతరాలను ఒక పుస్తకంగా కూర్చాడు. జనాల నమ్మకాన్ని బట్టి కేసులు మారడం అన్నిటికంటే ఆలోచించదగ్గది. మరుజన్మలో ఆడ మగ కావడం, మగ ఆడ కావడం ఉండదని నమ్మే పశ్చిమాసియాలోని డ్రూజు మతస్థులలో అలాంటి కేసులు దొరకవు. దాన్ని నమ్మే బర్మాలో దండిగా దొరుకుతాయి. స్టీవెన్‌సన్ కూడా తన పుస్తకం పేరులో పునర్జన్మను ‘సూచించే’ కేసులనే అన్నాడు, నిరూపించే కేసులనలేదు. చూ. పునర్జన్మ, కర్మ సిద్ధాంతం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం, హేతువాదులు

ఈ రంగంలో తెలుగువారి భాగం కొంత ఉంది. కోనేరు రామకృష్ణారావు (1932–2021) అమెరికాలో పరామనోవిజ్ఞానవేత్త జె. బి. రైన్ దగ్గర పనిచేసి, 1967లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పారు. తర్వాత రైన్ స్థాపించిన సంస్థకు సంచాలకులయ్యారు, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు, 2011లో పద్మశ్రీ పొందారు. రైన్ 1927లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి వచ్చింది మీడియంల నమోదులను పరిశీలించడానికే. పైన చెప్పిన మూడో అడ్డంకిని దాటలేమనిపించి చీట్లతో అతీంద్రియ గ్రహణ పరీక్షల వైపు తిరిగాడు. రామకృష్ణారావు పని కూడా ప్రధానంగా అతీంద్రియ గ్రహణం, చైతన్య స్వరూపం చుట్టూ సాగింది.

మరో కొసన గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. కేరళలో పుట్టి సిలోన్‌లో స్థిరపడిన హేతువాది అబ్రహాం కోవూర్ 1963లో, అతీత శక్తిని మోసానికి తావులేని పరిస్థితుల్లో చూపినవారికి లక్ష సిలోన్ రూపాయలు ఇస్తానని సవాలు విసిరారు. 1978లో ఆయన మరణించేదాకా ఆ సొమ్ము ఎవరూ గెలవలేదు.

ఆధారాల బలం

పైవన్నీ కలిపి తూచితే తేలేది ఇది. మరణ సమీప అనుభవాలు నిజంగా కలుగుతున్నాయి. అనుభవించినవారిలో చావు భయం తగ్గడం వంటి మార్పులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. పిల్లలు పూర్వజన్మ మాటలు చెప్పడం కూడా కల్పన కాదు. ఇవి వైద్యం, మనోవిజ్ఞానం పట్టించుకోవలసిన వాస్తవాలు. కాని చైతన్యం మెదడు లేకుండా కొనసాగుతుందనడానికి, ఇతర పరిశోధకులు తిరిగి చేసి చూడగలిగిన రుజువు ఒక్కటీ లేదు. కొనసాగదని తేల్చిన రుజువు కూడా లేదు. అయితే దెబ్బ తగిలినా, మత్తు ఎక్కినా, మతిమరుపు జబ్బు వచ్చినా మనిషి మనసు మెదడుతో పాటే మారిపోవడం ఆ వైపు బలమైన సూచన. 2021లో అమెరికా వ్యాపారి రాబర్ట్ బిగెలో, మరణం తర్వాత చైతన్యం మిగులుతుందన్న దానికి ఉత్తమ ఆధారం చూపే వ్యాసాలకు పోటీ పెట్టాడు. మొదటి బహుమతి 5,00,000 డాలర్లు జెఫ్రీ మిష్‌లవ్‌కు, రెండోది వాన్ లోమెల్‌కు దక్కాయి. అక్కడ వచ్చినవి పాత సాక్ష్యాల కూర్పులే గాని కొత్త ప్రయోగాలు కావు.

ముందే పెట్టుకున్న పరీక్షలు

బతికుండగానే రహస్యం ఒకటి దాచి, చనిపోయాక దాన్ని చెప్పడానికి ప్రయత్నిస్తామన్నవారు కొందరున్నారు. జ్ఞాపకాల సర్దుబాటుకు ఎడం ఇవ్వనందున ఈ పరీక్షల విలువ తక్కినవాటికంటే ఎక్కువ. మానసిక పరిశోధనా సంఘ స్థాపకుల్లో ఒకడైన ఫ్రెడరిక్ మయర్స్ సీలు వేసిన కవరును భౌతికశాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జ్‌కు ఇచ్చి 1901లో చనిపోయాడు. వెరల్ అనే మీడియం రాతలో కవరులోని విషయం వచ్చిందనుకుని 1904లో దాన్ని తెరిచారు. రెండూ కలవలేదు. ఇంద్రజాలికుడు హ్యారీ హుడినీ భార్య బెస్‌తో ఒక సంకేత వాక్యం అనుకుని 1926 అక్టోబరు 31న మరణించాడు. ఆర్థర్ ఫోర్డ్ అనే మీడియం 1929లో దాన్ని చెప్పాడన్నారు గాని, అప్పటికే అది బయటికి పొక్కిందన్న వాదం ఉంది. బెస్ 1936 దాకా ప్రతి వర్ధంతికీ ఎదురుచూసి మానేసింది. బ్రిటిష్ మనోవిజ్ఞానవేత్త రాబర్ట్ థౌలెస్ 1948లో సంకేత లిపిలో సందేశాలు ప్రచురించి, వాటి తాళపు మాటను మరణానంతరం పంపుతానన్నాడు. 1984లో చనిపోయాడు. సరైన తాళపు మాట ఏ మీడియం ద్వారా రాలేదు. ఒక సందేశాన్ని 1990ల్లో కంప్యూటరుతో విప్పారు.

స్టీవెన్‌సన్ కూడా తనకు మాత్రమే తెలిసిన అంకెల కూర్పుతో ఒక తాళం బిగించి, వర్జీనియాలో తన విభాగంలో ఉంచాడు. చనిపోయాక ఆ కూర్పును ఎవరికైనా అందించే ప్రయత్నం చేస్తానన్నాడు. 2007 ఫిబ్రవరిలో ఆయన మరణించాడు. ఆ తాళం అలా తెరుచుకున్నట్టు నమోదు లేదు.